రెండు జర్మనీలు, రెండు వియత్నామీయ వలసలు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

1975లో వియత్నాం యుద్ధం ముగిసిన తరువాత ఆ దేశం నుంచి జర్మనీకి రెండు వేర్వేరు వలసలు జరిగాయి. సముద్రం మీద పడవల్లో తప్పించుకున్నవారిని పశ్చిమ జర్మనీ శరణార్థులుగా స్వీకరించింది. ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం మీద వచ్చినవారిని తూర్పు జర్మనీ ఒప్పంద కార్మికులుగా నియమించుకుంది. 1990లో జర్మనీ ఏకమైనా ఈ రెండు సముదాయాలు ఏకం కాలేదు. ఒకే భాష, ఒకే సంస్కృతి కలిగిన వారి జీవితాలు ఇంత భిన్నంగా సాగడానికి, ఆతిథ్య దేశాలు వారికి ఇచ్చిన చట్టపరమైన హోదాలే ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వియత్నాం, జర్మనీ, పడవ శరణార్థులు, ఒప్పంద కార్మికులు, నివాస హక్కు, రోస్టాక్, ద్వితీయ తరం.

1. ప్రవేశిక:

నేటి జర్మనీలో వియత్నాం మూలాలున్నవారు సుమారు రెండు లక్షల మంది ఉన్నారు. కష్టించి పనిచేసేవారు, పిల్లలను బాగా చదివించుకునేవారు, గొడవలకు దూరంగా ఉండేవారు అని జర్మన్ పత్రికలు వీరిని తరచుగా ప్రశంసిస్తాయి. ఈ లక్షణాలకు కన్ఫ్యూషియస్ సంప్రదాయమే మూలమని వ్యాఖ్యానించడమూ పరిపాటి. ఈ ప్రశంసలో రెండు విషయాలు మరుగున పడుతున్నాయి. ఒకటి, వీరు ఒకే సముదాయం కాదు. రెండు, సంస్కృతి వల్ల వచ్చాయని చెప్పే లక్షణాల్లో కొన్ని చట్టం ఒత్తిడి వల్ల ఏర్పడినవి. ఈ రెండింటినీ వివరించాలంటే వారు వచ్చిన కాలాన్ని, వచ్చిన మార్గాన్ని, వచ్చిన తరువాత వారికి లభించిన హోదాను వరుసగా పరిశీలించాలి.

ఇక్కడ ఒక పరిభాషను స్పష్టం చేసుకోవడం అవసరం. తెలుగు పాఠకులకు ‘ఒప్పంద కూలీలు’ అనగానే వలస పాలనలో కోరంగి వంటి రేవుల నుంచి మారిషస్‌కు, మద్రాసు నుంచి నేటాల్‌కు చెరకు తోటల పనికి వెళ్లినవారు గుర్తుకు వస్తారు. ఈ వ్యాసంలోని ‘ఒప్పంద కార్మికులు’ వేరు. వీరు రెండు సోషలిస్టు ప్రభుత్వాలు ‘సోదర దేశాల సహకారం’ పేరుతో చేసుకున్న ఒప్పందం కింద వెళ్లినవారు.

2. చారిత్రక నేపథ్యం:

రెండవ ప్రపంచ యుద్ధానంతర కాలంలో జర్మనీ, వియత్నాం రెండూ విభజనకు గురయ్యాయి. 1949లో జర్మనీలో రెండు రాజ్యాలు ఏర్పడ్డాయి. 1954 జెనీవా ఒప్పందంతో వియత్నాం 17వ అక్షాంశం వద్ద రెండయింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు పొత్తులు ఈ నాలుగు రాజ్యాలను రెండు జంటలుగా కలిపాయి. తూర్పు జర్మనీ హనోయి ప్రభుత్వాన్ని 1950లోనే గుర్తించింది. పశ్చిమ జర్మనీ సైగాన్ ప్రభుత్వం పక్షాన నిలిచింది.

ఈ పొత్తుల తొలి ఆనవాళ్లు వలసలకు ముందే కనిపిస్తాయి. 1955లో ఉత్తర వియత్నాం నుంచి బాలబాలికలు డ్రెస్డెన్ సమీపంలోని మోరిట్స్‌బుర్గ్‌కు చదువు కోసం వచ్చారు. అలా వచ్చినవారు సుమారు 350 మంది. వారిలో కొందరు పెద్దయ్యాక అనువాదకులుగా, కార్మిక బృందాల నాయకులుగా తిరిగి తూర్పు జర్మనీకి వచ్చారు. మరోవైపు పశ్చిమ జర్మనీ 1966లో ‘హెల్గోలాండ్’ అనే వైద్య నౌకను సైగాన్ రేవుకు పంపింది. ఒక జర్మనీకి వియత్నాం అంటే హనోయి, మరొక జర్మనీకి సైగాన్. తరువాతి కాలపు రెండు వలసలూ ఈ దారుల వెంబడే సాగాయి.

3. పశ్చిమ జర్మనీ – పడవ శరణార్థులు:

1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమైంది. పాత ప్రభుత్వంలోని ఉద్యోగులకు, సైనికులకు పునర్విద్యా శిబిరాలు, వ్యాపారులకు ఆస్తుల జాతీయీకరణ ఎదురయ్యాయి. 1978 తరువాత చైనాతో సంబంధాలు దెబ్బతినడంతో చైనా మూలాలున్న ‘హోవా’ జనం కూడా దేశం విడిచారు. చిన్న పడవల్లో దక్షిణ చైనా సముద్రం దాటబోయి ఎందరో తుపానులకు, దాహానికి, సముద్రపు దొంగలకు బలయ్యారు. వీరిని వియత్నామీయ భాషలో ‘థుయెన్ న్యన్’ అంటారు. ‘పడవ మనుషులు’ అని దాని అర్థం.

1978 నవంబరులో సుమారు 2,500 మంది శరణార్థులతో మలేసియా తీరానికి చేరిన ‘హాయ్ హోంగ్’ నౌకను అక్కడి ప్రభుత్వం దిగనివ్వలేదు. ఆ దృశ్యాలు టెలివిజన్‌లో ప్రసారం కావడంతో లోయర్ సాక్సొనీ రాష్ట్ర ముఖ్యమంత్రి ఎర్న్‌స్ట్ ఆల్బ్రెహ్ట్ 1,000 మందిని స్వీకరిస్తామని ప్రకటించాడు. తొలి బృందం 1978 డిసెంబరు 3న హానోవర్ విమానాశ్రయంలో దిగింది. 1979లో పత్రికా రచయిత రూపెర్ట్ నోయ్‌డెక్, ఆయన భార్య క్రిస్టెల్ ప్రజల విరాళాలతో ‘కాప్ అనమూర్’ అనే నౌకను రంగంలోకి దించారు. ఆ సంస్థ నౌకలు 1980ల్లో పదివేలకు పైగా మనుషులను సముద్రం నుంచి కాపాడాయి.

1980లో పశ్చిమ జర్మనీ ప్రత్యేక చట్టం చేసి వీరిని ‘కోటా శరణార్థులు’గా గుర్తించింది. ఈ హోదా ఉన్నవారు ఒక్కొక్కరుగా ఆశ్రయం కోసం వాదించుకోనక్కర లేదు. కాలపరిమితి లేని నివాసానుమతి, ఉద్యోగ హక్కు, ప్రభుత్వ ఖర్చుతో జర్మన్ భాషా తరగతులు, కుటుంబ సభ్యులను రప్పించుకునే వీలు వారికి తొలి నుంచీ లభించాయి. ఆయా పట్టణాల్లో చర్చి బృందాలు, స్థానిక కుటుంబాలు ఇల్లు వెదకడం నుంచి బడిలో చేర్పించడం దాకా తోడ్పడ్డాయి. కొత్త జీవితాన్ని ఒక నిశ్చయంతో ఆరంభించే అవకాశం వారికి దక్కింది.

అయితే పశ్చిమంలోనూ ద్వేషం లేకపోలేదు. 1980 ఆగస్టులో హాంబుర్గ్‌లోని హాల్స్కె వీధిలో ఉన్న శరణార్థుల వసతిగృహంపై తీవ్ర మితవాద ముఠా నిప్పు సీసాలు విసిరింది. న్గుయెన్ న్గోక్ చౌ, దో అన్హ్ లన్ అనే ఇద్దరు యువకులు మరణించారు. శరణార్థులకు లభించిన ఆదరణను మాత్రమే చెప్పుకునే కథనాల్లో ఈ సంఘటన చాలాకాలం చోటు చేసుకోలేదు.

4. తూర్పు జర్మనీ – ఒప్పంద కార్మికులు:

1980 ఏప్రిల్ 11న తూర్పు జర్మనీ, వియత్నాం ప్రభుత్వాలు కార్మికుల ఒప్పందం చేసుకున్నాయి. తూర్పు జర్మనీ కర్మాగారాల్లో పనివారి కొరత ఉంది. యుద్ధంలో శిథిలమైన వియత్నాంలో నిరుద్యోగం ఉంది. కార్మికుల ఎంపికలో మాజీ సైనికులకు, యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు ప్రాధాన్యం లభించింది. 1987 నుంచి సంఖ్య వేగంగా పెరిగి 1989 నాటికి సుమారు 60,000కు చేరింది. ఆనాటి తూర్పు జర్మనీలోని విదేశీ కార్మికుల్లో అత్యధికులు వీరే.

ఒప్పందం సాధారణంగా ఐదేళ్లు. నేత, కుట్టు పరిశ్రమల్లోను, యంత్ర నిర్మాణంలోను, రేవుల్లోను వీరికి పని ఇచ్చారు. జీతంలో 12 శాతాన్ని స్వదేశ నిర్మాణం, రక్షణల పేరిట వియత్నాం ప్రభుత్వానికి మినహాయించేవారు. వసతిగృహంలో మనిషికి కేటాయించిన చోటు 5 చదరపు మీటర్లు. స్త్రీ పురుషులను వేరుగా ఉంచేవారు. వచ్చిపోయేవారి పేర్లను ద్వారం వద్ద నమోదు చేసేవారు. భాషా శిక్షణ కొద్ది వారాలకు, నెలలకు పరిమితం. పనికి కావలసిన మాటలకు మించి భాష నేర్పాలన్న ఉద్దేశం ఏ ప్రభుత్వానికీ లేదు. కార్మికులు గడువు తీరగానే తిరిగి వెళ్లవలసినవారే కదా!

ఈ విధానం అత్యంత కఠినంగా అమలైనది స్త్రీల విషయంలో. గర్భం దాల్చిన కార్మికురాలి ముందు రెండు మార్గాలే ఉండేవి: గర్భస్రావం లేదా స్వదేశానికి పయనం. గడువుకు ముందే తిరిగి వెళ్లడం ఇంటివారికి ఆదాయ నష్టం, ఊళ్లో తలవంపు. అందుచేత ఎందరో మొదటి మార్గాన్ని ఎంచుకోవలసి వచ్చింది. 1989 ఆరంభంలో మాత్రమే ఈ నిబంధన సడలింది. స్త్రీ పురుష సమానత్వాన్ని రాజ్యాంగంలో రాసుకున్న దేశంలో, తన సొంత కార్మికురాళ్లకు శిశు సంరక్షణ కేంద్రాలు నడిపిన దేశంలో ఈ నియమం అమలైంది. కార్మికురాలు వేరు, పౌరురాలు వేరు అన్న విభజన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంతటి నియంత్రణలోనూ కార్మికులు తమకంటూ ఒక జీవితాన్ని నిర్మించుకున్నారు. కర్మాగారంలో పని ముగిశాక వసతి గదుల్లో కుట్టు మిషన్ల మీద జీన్స్ ప్యాంట్లు, చొక్కాలు కుట్టి అమ్మేవారు. దుకాణాల్లో మంచి బట్టలు దొరకని కాలం కాబట్టి జర్మన్ ఇరుగుపొరుగువారు వారి గదుల దాకా వచ్చి కొలతలు ఇచ్చి వెళ్లేవారు. అలా కూడబెట్టిన డబ్బుతో మోపెడ్లు, సైకిళ్లు, కుట్టు మిషన్లు, సబ్బులు, చక్కెర కొని చెక్కపెట్టెల్లో ఇంటికి పంపేవారు. వియత్నాంలో ఒక మోపెడ్ కుటుంబం మొత్తానికి ఆస్తి. అయితే సరుకుల కొరత పెరిగేకొద్దీ ‘మన వస్తువులన్నీ వీళ్లే కొనుక్కుపోతున్నారు’ అనే ఫిర్యాదు స్థానికుల్లో బలపడింది. వారిని ‘ఫిజీలు’ అని హేళనగా పిలవడమూ సాగింది. సోదరభావం ప్రభుత్వ నినాదంగా ఉన్న కాలంలోనే ఈ ద్వేషం మొలకెత్తింది. తరువాత జరిగిన దాడులను కేవలం ఏకీకరణ సంక్షోభానికి ఆపాదించడం అందువల్ల సమంజసం కాదు.

5. 1989–1993: హోదా కోల్పోయిన కాలం:

5.1 ఒప్పందాల రద్దు:

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ కూలింది. కొద్ది నెలల్లో తూర్పు జర్మనీ కర్మాగారాలు మూతపడసాగాయి. మొదట ఉద్యోగం పోయినవారిలో విదేశీ కార్మికులు ఉన్నారు. 1990లో ఒప్పందాన్ని సవరించి, గడువుకు ముందే తిరిగి వెళ్లేవారికి 3,000 మార్కుల పరిహారం, విమాన టికెట్ ఇచ్చారు. అధిక సంఖ్యాకులు వెళ్లిపోయారు. మిగిలినవారికి పని లేదు. పనితో ముడిపడిన వసతి కూడా పోయింది. వారిని రప్పించిన రాజ్యమే 1990 అక్టోబరు 3 తరువాత లేకుండా పోయింది. కొందరు పశ్చిమానికి వెళ్లి ఆశ్రయం కోరారు. కొందరు వీధుల్లో బట్టలు, పూలు అమ్ముకున్నారు. పన్ను కట్టని సిగరెట్ల వ్యాపారంలో చిక్కుకున్నవారూ ఉన్నారు. 1990ల్లో బెర్లిన్‌లో ఆ వ్యాపారం చుట్టూ ముఠాల హత్యలు జరిగి, మొత్తం సముదాయానికే చెడ్డపేరు వచ్చింది.

5.2 రోస్టాక్ దాడి:

1991 సెప్టెంబరులో హోయర్స్‌వెర్డా పట్టణంలో ఒప్పంద కార్మికుల వసతిగృహంపై దాడులు జరిగాయి. అధికారులు దాడి చేసినవారిని అదుపు చేయడానికి బదులు విదేశీయులనే బస్సుల్లో ఊరు దాటించారు. మరుసటి ఏడు రోస్టాక్ నగరంలోని లిఖ్టెన్‌హాగెన్‌లో అంతకు మించిన దారుణం జరిగింది. గోడపై పొద్దుతిరుగుడు పూల చిత్రం ఉన్నందున ‘పొద్దుతిరుగుడు భవనం’గా పేరొందిన ఆ కట్టడంలో ఒకవైపు ఆశ్రయార్థుల నమోదు కేంద్రం, పక్కనే వియత్నామీయ కార్మికుల వసతిగృహం ఉండేవి. 1992 ఆగస్టు 22న గుంపులు మొదట ఆశ్రయార్థుల మీదికి, ముఖ్యంగా రొమేనియా నుంచి వచ్చిన రోమా జనం మీదికి రాళ్లు రువ్వాయి. 24న ఆశ్రయార్థులను అక్కడి నుంచి తరలించారు. ఆ రాత్రి పోలీసులు వెనక్కి తగ్గగా గుంపు వసతిగృహానికి నిప్పు పెట్టింది. లోపల వందమందికి పైగా వియత్నామీయులు, ఒక టెలివిజన్ బృందం, నగర విదేశీయుల వ్యవహారాల అధికారి వోల్ఫ్‌గాంగ్ రిఖ్టర్ చిక్కుకున్నారు. వేలమంది చూస్తూ చప్పట్లు కొట్టారు. లోపలివారు పై అంతస్తుకు ఎక్కి, తలుపు బద్దలు కొట్టుకొని కప్పు మీదుగా పక్క భవనంలోకి దాటి ప్రాణాలు దక్కించుకున్నారు.

ఈ దాడికి రాజకీయ ఫలితం కూడా బాధితులకు అనుకూలంగా రాలేదు. 1993 మే నెలలో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి ఆశ్రయ హక్కును కుదించింది. రోస్టాక్‌లోని వియత్నామీయులు మాత్రం దాడి జరిగిన రెండు నెలలకే, 1992 అక్టోబరులో, ‘జియెన్ హోంగ్’ అనే సంఘాన్ని స్థాపించుకున్నారు. 13వ శతాబ్దంలో మంగోలుల దండయాత్రను ఎదుర్కోవడంపై చర్చించడానికి వియత్నాం రాజు దేశపు వృద్ధులను పిలిచి నిర్వహించిన సభకు చరిత్రలో ఉన్న పేరు అదే. జర్మన్ పేరులో ‘ఒకే కప్పు కింద’ అనే మాటను చేర్చుకున్నారు. ఏ ఊరి గుంపు తమ కప్పుకు నిప్పు పెట్టిందో ఆ ఊళ్లోనే ఉంటామని చెప్పిన ప్రకటన అది.

5.3 నివాస హక్కు – షరతులు:

1993లో రాష్ట్రాల హోంమంత్రులు మాజీ ఒప్పంద కార్మికులకు నివాసానుమతి ఇవ్వడానికి అంగీకరించారు. చట్టబద్ధమైన ఆదాయం చూపాలన్నది ప్రధాన షరతు. కర్మాగారాలు మూతపడిన ప్రాంతంలో, నిరుద్యోగం తీవ్రంగా ఉన్న కాలంలో కొద్ది నెలల గడువులో ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? మిగిలిన మార్గం సొంత వ్యాపారమే. బట్టల కొట్లు, పూల దుకాణాలు, కూరగాయల అంగళ్లు, చిన్న ఫలహారశాలలు తూర్పు జర్మనీ పట్టణాల్లో పెద్దసంఖ్యలో వెలిసింది ఈ నేపథ్యంలోనే. వియత్నామీయులకు వ్యాపారం సహజ గుణమని తరువాత వచ్చిన వ్యాఖ్యానాలు ఈ షరతును విస్మరించాయి.

తూర్పు జర్మనీలో గడిపిన సంవత్సరాలను శాశ్వత నివాస హక్కు కోసం తొలుత లెక్కించలేదు. పదేళ్లుగా దేశంలో ఉన్న కార్మికుడు సైతం నిన్న వచ్చినవాడితో సమానమయ్యాడు. 1997 చట్ట సవరణతోనే ఆ కాలానికి గుర్తింపు లభించింది. ఈలోగా 1995లో జర్మనీ, వియత్నాం ప్రభుత్వాలు అనుమతి లేని 40,000 మందిని 2000 నాటికి వెనక్కి పంపే ఒప్పందం చేసుకున్నాయి. అనుకున్న సంఖ్య నెరవేరకపోయినా, ఆ భయం ఎన్నో ఇళ్లలో ఏళ్ల తరబడి నిలిచింది.

6. సాంస్కృతిక జీవనం – రెండు జెండాలు:

పశ్చిమంలోని శరణార్థులకు ధార్మిక కేంద్రంగా హానోవర్‌లోని ‘వియెన్ జాక్’ పగోడా రూపొందింది. బౌద్ధ భిక్షువు థిక్ న్యు దియెన్ 1978లో దీనిని స్థాపించాడు. నేడది ఐరోపాలోని పెద్ద వియత్నామీయ పగోడాల్లో ఒకటి. బుద్ధ పూర్ణిమ, ‘వు లన్’ పర్వాలకు వేలమంది అక్కడికి చేరతారు. ‘వు లన్’ అనే పేరు సంస్కృత ‘ఉల్లంబన’ శబ్దం నుంచి చైనా భాష ద్వారా వచ్చింది. తల్లిదండ్రులను, పితరులను స్మరించుకునే ఆ దినాన తల్లి బతికి ఉన్నవారు ఎర్రగులాబీ, లేనివారు తెల్లగులాబీ ధరిస్తారు. తల్లి మరణవార్త ఉత్తరంలో మాత్రమే అందుకున్న శరణార్థులకు ఆ తెల్లగులాబీ ఎంత బరువైనదో ఊహించవచ్చు.

తూర్పువారికి కూడలి మార్కెట్టే. బెర్లిన్ లిఖ్టెన్‌బెర్గ్‌లో ఒకప్పటి కర్మాగార స్థలంలో 2005లో ప్రారంభమైన ‘దోంగ్ సువాన్’ కేంద్రం హనోయిలోని ప్రసిద్ధ మార్కెట్ పేరును పెట్టుకుంది. టోకు బట్టలు, కూరలు, చేపల సాస్, క్షౌరశాలలు, పన్ను సలహాదారులు, ప్రయాణ ఏజెంట్లు అన్నీ ఆ పొడవైన షెడ్లలోనే ఉంటాయి. తొలి దశలో వియత్నామీయుల ఫలహారశాలలు ‘చైనా వంటకాలు’ అన్న పేరుతో నడిచాయి. జర్మన్లకు అప్పట్లో ‘ఫో’ అంటే తెలియదు. తమ వంటను తమ పేరుతోనే అమ్మగలిగే స్థితి తరువాత వచ్చింది.

ఏకీకరణ అనంతరం రెండు వర్గాలు ఒకే నగరంలో ఎదురుపడినా అనుమానాలు తొలగలేదు. పశ్చిమంలోని సంఘాలు నూతన సంవత్సరమైన ‘తెత్’ వేడుకల్లో పాత దక్షిణ వియత్నాం జెండాను, పసుపు మీద మూడు ఎర్ర చారల జెండాను ఎగరేస్తాయి. తూర్పువారి సభల్లో ఎర్ర జెండా మీద పసుపు నక్షత్రం కనిపిస్తుంది. ఒకరి దృష్టిలో మరొకరు ‘కమ్యూనిస్టులు’. ఆ మరొకరి దృష్టిలో వీరు ‘దేశం విడిచి పారిపోయినవారు’. ఉత్తరాది, దక్షిణాది ఉచ్చారణ భేదం నోరు తెరవగానే పక్షాన్ని బయటపెడుతుంది. అయినా పగోడాకు తూర్పువారు రావడం, మార్కెట్‌కు పశ్చిమంవారు వెళ్లడం క్రమంగా పెరిగింది. రాజకీయం కలపలేనివారిని పితృకర్మలు, వంటసరుకులు కొంతవరకు కలిపాయి.

7. ద్వితీయ తరం:

వియత్నామీయ కుటుంబాల పిల్లలు విశ్వవిద్యాలయ విద్యకు దారితీసే ‘గిమ్నాజియం’ పాఠశాలల్లో జర్మన్ పిల్లల కంటే ఎక్కువ నిష్పత్తిలో చేరుతున్నారు. తక్కువ ఆదాయం, తక్కువ జర్మన్ భాష ఉన్న ఇళ్ల నుంచి ఈ ఫలితం రావడం పరిశోధకులను ఆకర్షించింది. చదువు పట్ల సంప్రదాయ గౌరవం ఇందుకు ఒక కారణమని అంగీకరించవచ్చు. కానీ దాని వెల కూడా లెక్కలోకి రావాలి. అమ్మానాన్నలు తెల్లవారుజామున టోకు మార్కెట్‌కు వెళ్లి రాత్రి దుకాణం మూసి వచ్చే ఇళ్లలో పిల్లలు ఒంటరిగా పెరిగారు. పదేళ్ల వయసులోనే కార్యాలయాల్లో తల్లిదండ్రులకు దుబాసీలయ్యారు. పిల్లలు జర్మన్‌లో ఎంత ముందుకు పోతే తల్లిదండ్రులతో మాట అంత తగ్గింది. ఒప్పంద కార్మికులకు భాష నేర్పనక్కరలేదని 1980ల్లో ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయానికి మూల్యం ముప్పై ఏళ్ల తరువాత భోజనాల బల్ల దగ్గర వారి పిల్లలు చెల్లించారు.

8. ఉపసంహారం:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఒకటి, జర్మనీలోని వియత్నామీయ సముదాయంలోని చీలికకు 1975కు ముందరి యుద్ధం ఎంత కారణమో, ఆ తరువాత ఆతిథ్య దేశాలు కేటాయించిన హోదాలు అంతకు మించిన కారణం. రెండు, తూర్పువారి వ్యాపార ధోరణికి 1993 నాటి నివాస షరతులు పునాది వేశాయి. మూడు, ‘ఆదర్శ వలసదారులు’ అనే ప్రశంస హోయర్స్‌వెర్డా, రోస్టాక్ అనుభవాలను మరుగుపరుస్తుంది.

స్మృతి చిహ్నాల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. హాంబుర్గ్ రేవులో 2009లో శరణార్థులు తమను కాపాడిన దేశానికి కృతజ్ఞతగా శిలాఫలకం నిలిపారు. రోస్టాక్‌లో దాడిని గుర్తుచేసే చిహ్నాలు ఉన్నాయి. 2022లో ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా దేశాధ్యక్షుడు ష్టైన్‌మయర్ అక్కడికి వెళ్లి ప్రసంగించాడు. ఒకచోట రక్షణ, మరొకచోట దాడి గుర్తుండిపోయాయి. కర్మాగారాల్లో యంత్రాల ముందు గడిచిన సంవత్సరాలు, వసతి గదుల్లో రాత్రిళ్లు కుట్టిన బట్టలు, పుట్టనివ్వని బిడ్డలు మాత్రం ఇంకా ప్రధానంగా వారి జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. 1987లో ఇరవై ఏళ్ల వయసులో వచ్చినవారు నేడు అరవైకి చేరువలో ఉన్నారు. వారి కథనాలను వారి భాషలోనే నమోదు చేసుకోవడానికి మిగిలిన వ్యవధి తక్కువ. వలస సాహిత్యాన్ని, మౌఖిక చరిత్రను అధ్యయనం చేసేవారు, గ్రంథాలయంలో దొరికే ఒప్పంద పత్రాలతో పాటు ఈ గొంతులనూ ఆధారంగా స్వీకరించినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.